బల్బు మార్చండి, కుషన్ల సంగతి తర్వాత

ప్రశ్న: శరదృతువు వచ్చేసింది. సాయంత్రం తొందరగా చీకటి పడుతోంది, గాలిలో చలి తెలుస్తోంది. ఈ కాలంలో హాలు వెచ్చగా, హాయిగా ఉండాలని నా కోరిక. కిందటి నెలలో నారింజ, మెరూన్ రంగు కుషన్లు కొన్నాను. సువాసన కొవ్వొత్తులు తెచ్చాను. గోడకు అడవి బొమ్మ ఒకటి పెట్టాను. అయినా రాత్రి లైటు వేస్తే గది హాస్పిటల్ వెయిటింగ్ రూమ్‌లాగే ఉంటోంది. మాది అద్దె ఇల్లు, గోడలకు రంగులు మార్చనివ్వరు. నేల టైల్స్. ఒక గోడంతా పెద్ద కిటికీ. సోఫా దానికి ఆనించి ఉంటుంది, ఎదురు గోడకు టీవీ. పిల్లలిద్దరూ హాల్లోనే హోంవర్క్ చేసుకుంటారు. మామయ్యగారు అక్కడే పేపర్ చదువుతారు, ఆయనకు ఆయాసం. ఎవరి పని అయిపోగానే వాళ్లు లేచి గదుల్లోకి వెళ్లిపోతున్నారు. ఇంకేం కొంటే బాగుంటుంది?
ఓ పాఠకురాలు

సమాధానం: ముందు కొనడం ఆపండి. కుషన్లు, కొవ్వొత్తులు, బొమ్మ గురించి మూడు వాక్యాలు రాశారు, లైటు గురించి మూడే మాటలు: ‘రాత్రి లైటు వేస్తే’. నాకు పనికొచ్చింది ఆ మూడు మాటలే. పగలు బాగానే ఉన్న గది రాత్రి బాగాలేదంటే తప్పు సామాన్లది కాదు.

ఈ కాలంలో గదికి వచ్చే అసలు మార్పు కూడా అదే. పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే విషువత్తు రోజుల్లో, అంటే ఉత్తరార్ధగోళంలో సెప్టెంబరు 22, 23, దక్షిణార్ధగోళంలో మార్చి 20, 21 ప్రాంతంలో, పగలు ఏడాది మొత్తం మీద అన్నిటికన్నా వేగంగా తగ్గుతుంది. 50 డిగ్రీల అక్షాంశం దగ్గరైతే రోజుకు మూడు నిమిషాల పైనే. నెల తిరిగేసరికి గంటన్నర పగలు పోయినట్టు. వేసవిలో కిటికీ వెలుతురుతోనే గడిచిపోయిన సాయంత్రాన్ని ఇప్పుడు పూర్తిగా బల్బు కింద గడపాలి. ఆ బల్బు ఎలాంటిదో అప్పుడు ఎవరికీ పట్టలేదు, ఇప్పుడు అందరికీ తెలుస్తోంది. మీవాళ్లు లేచి వెళ్లిపోతున్నది బహుశా దాని కిందినుంచే.

మీ హాల్లో ఉన్న బల్బు మీద గానీ, దాని డబ్బా మీద గానీ చిన్న అక్షరాల్లో కెల్విన్ అంకె ఒకటి ఉంటుంది. అది కాంతి రంగును చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం. కొవ్వొత్తి మంట 1900 దగ్గర ఉంటుంది, పాత ఫిలమెంటు బల్బు 2700 దగ్గర, మబ్బు పట్టిన మధ్యాహ్నపు ఆకాశం 6500 దగ్గర. ‘కూల్ డేలైట్’ అని అమ్మేది ఈ ఆఖరిదే. పగటి వెలుతురులాంటిది కాబట్టి మంచిదేగా అనిపిస్తుంది. కానీ పగలు బయట వెలుతురు వేల లక్స్‌లలో (చోటు మీద పడే వెలుగును కొలిచే లెక్క ఇది) ఉంటుంది, రాత్రి హాల్లో ఉండేది మహా అయితే వందా రెండొందలు. అంత తక్కువ వెలుగు అంత నీలంగా ఉంటే గది పాలిపోతుంది, మనుషులూ పాలిపోతారు. క్రూయిటోఫ్ అనే డచ్ భౌతిక శాస్త్రవేత్త 1941లోనే కాంతి పరిమాణానికీ రంగుకూ ఇలా లంకె ఉందని గ్రాఫ్ గీసి చూపించాడు. తర్వాతి ప్రయోగాల్లో ఆ గీతలు అంత కచ్చితంగా నిలబడలేదు గానీ, సాయంత్రం పూట మసక పసుపు వెలుగులో కూర్చోబుద్ధి అవుతుందన్న సంగతి మీరే ఒక బల్బు మార్చి తేల్చుకోవచ్చు.

హాలుకు 2700 కెల్విన్ తీసుకోండి. 3000 అయినా ఫరవాలేదు. 4000 వంటింట్లో బాగుంటుంది, ఇక్కడ వద్దు. ఒకే గదిలో పసుపూ నీలమూ కలపకండి, రెండూ చెడతాయి. గోడల రంగు గురించి ఓనరుతో మాట్లాడే ముందు కూడా ఈ పని చేయండి. పాలిపోయిన తెల్ల గోడ 2700 కింద మీగడ రంగులో కనిపిస్తుంది. సగం మందికి రంగులు వేయించే అవసరమే ఉండదు.

రంగు ఒక్కటే మారిస్తే చాలదు. వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోందన్నది అంతకన్నా ముఖ్యం. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్ దాదాపు 2000 ల్యూమెన్ల కాంతిని పైనుంచి గదంతా సమానంగా పరిచేస్తుంది. ఊడ్చుకోవడానికీ, పడిపోయిన సూది వెతుక్కోవడానికీ అది భేషుగ్గా ఉంటుంది. అయితే గదిలో ప్రతి మూలా ఒకేలా వెలుగుతుంటే కంటికి ఆగే చోటు దొరకదు. పైగా నడినెత్తిన పడే వెలుగు కళ్ల కింద నీడలు వేసి, నిద్ర చాలనివాళ్లలా చూపిస్తుంది అందరినీ.

ఆ ట్యూబ్ తీసేయక్కర్లేదు. చీకటి పడ్డాక వేయకండి, అంతే. దాని బదులు మూడు చిన్న లాంపులు, ఒక్కొక్కటి 250 నుంచి 450 ల్యూమెన్ల మధ్య (పాత లెక్కలో 25, 40 వాట్ల బల్బులన్నమాట). ఒకటి సోఫా పక్కన. ఒకటి మామయ్యగారి కుర్చీ దగ్గర, దాని సంగతి కింద చెబుతాను. మూడోది గదిలో మీరు ఎప్పుడూ కూర్చోని, అందరికన్నా దూరపు మూలలో, కింద స్టూలు మీదో పుస్తకాల అర మీదో. చాలామంది ఈ మూడోదాన్ని దండగ అని వదిలేస్తారు. నిజానికి గదిని నిలబెట్టేది అదే. ఆ మూల చీకటిగా ఉంటే గది సోఫా దగ్గరే ఆగిపోయినట్టుంటుంది. అక్కడ చిన్న వెలుగు ఉంటే మధ్యలో మసకగా ఉన్నా బెంగగా ఉండదు.

లాంపు ఎత్తు కూడా చూసుకోవాలి. కూర్చున్నప్పుడు షేడ్ కింది అంచు మీ కంటి మట్టానికి రావాలి, నేల నుంచి దాదాపు 100, 110 సెంటీమీటర్లు. అంతకన్నా పైనుంటే బల్బు కళ్లలో పడుతుంది, మరీ కిందనుంటే షేడ్ పైనుంచి కనిపిస్తుంది. సోఫాలో కూర్చుని చూడండి, ఆ తర్వాత మీ చిన్నవాణ్ణో చిన్నదాన్నో కూర్చోబెట్టి అడగండి. వాళ్ల కళ్లు మీకన్నా కింద ఉంటాయి కాబట్టి వాళ్లకు బల్బు కనిపిస్తుండవచ్చు. గాజు బల్బులో వైరు మెరుస్తూ కనిపించే ఫ్యాన్సీ ఎల్‌ఈడీలు ఫోటోల్లో బాగుంటాయి, ఎదురుగా కూర్చుంటే పది నిమిషాల్లో కళ్లు లాగుతాయి. పాల రంగు బల్బు తీసుకుని షేడ్‌లో దాచేయండి.

డిమ్మర్ పెట్టించుకోమని ఎవరైనా సలహా ఇస్తారు. పెట్టించుకోవచ్చు, కానీ డబ్బా మీద ‘డిమ్మబుల్’ అని రాసి ఉన్న ఎల్‌ఈడీ అయితేనే. లేకపోతే మినుకుమినుకుమని ప్రాణం తీస్తుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, పాత ఫిలమెంటు బల్బును తగ్గిస్తే వెలుగు ఎర్రబడుతూ తగ్గేది. మామూలు ఎల్‌ఈడీకి ఆ గుణం లేదు, రంగు అలాగే ఉండి కాంతి మాత్రం తగ్గుతుంది. అందుకే బాగా తగ్గించాక గదికి బూడిద పూసినట్టు అయిపోతుంది. ‘వామ్ డిమ్’ అని వేరే రకం దొరుకుతుంది, ఈ లోటు లేనిది. అంత ఖర్చెందుకు అనుకుంటే డిమ్మర్ ఆలోచన మానేసి, మూడు లాంపుల్లో ఒకటి ఆర్పేయండి.

ఇదంతా విని హాలును చీకటిగుయ్యారం చేయకండి. వయసు మీద పడ్డ కంటికి పడుచు కంటికన్నా చాలా ఎక్కువ వెలుగు కావాలి. కంట్లో లెన్సు పసుపు తిరుగుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. మీకు హాయిగా ఉన్న మసక వెలుగులో మామయ్యగారికి అక్షరాలు అలుక్కుపోతాయి. ఆయన కుర్చీ దగ్గర మాత్రం 800 ల్యూమెన్ల బల్బు పెట్టండి, మెడ వంచుకోగలిగే స్టాండ్ లాంపులో, భుజం వెనక నుంచి వెలుగు నేరుగా పేపర్ మీద పడేలా. పిల్లల హోంవర్క్ బల్ల దగ్గరా అంతే. రాసే చేతికి ఎదురు వైపు నుంచి వెలుగు రావాలి, లేకపోతే చేతి నీడ కాగితం మీద పడుతుంది. గది మసకగా, పని దగ్గర వెలుగ్గా. చదువుకునేవాళ్లూ ఊరికే కూర్చునేవాళ్లూ ఒకే గదిలో సర్దుకోవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు కనిపించలేదు.

ఇప్పుడు ఆ మెరూన్ కుషన్లు. రాత్రి అవి మట్టిగొట్టుకుపోయి నల్లగా కనిపిస్తున్నాయని మీరు రాయలేదు గానీ కనిపిస్తూనే ఉండాలి. ముదురు ఎరుపుకు రెండు వైపుల నుంచీ దెబ్బ తగులుతుంది. చౌక ఎల్‌ఈడీల వెలుగులో ఎరుపు పాలు తక్కువ, లేని రంగును గుడ్డ మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చి చూపిస్తుంది? బల్బు కొనేటప్పుడు సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 గానీ ఆపైన గానీ ఉందేమో చూడండి. రెండోది కంటి సంగతి. వెలుతురు బాగా తగ్గినచోట కన్ను ముందు పోగొట్టుకునేది ఎరుపునే, నీలం, ఆకుపచ్చ ఇంకాసేపు నిలుస్తాయి. పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త 19వ శతాబ్దం మొదట్లోనే దీన్ని గమనించాడు, ఇప్పటికీ దానికి ఆయన పేరే. కాబట్టి మెరూన్‌ను లాంపు పక్కకు తెచ్చుకోండి, నారింజను మూలకు పంపండి. రెండు కుషన్ల చోటు మార్చడమే, పైసా ఖర్చు లేదు.

రంగుల గురించి ఇంకొక్క మాట, ఆపై వదిలేద్దాం. శరదృతువు అనగానే అందరూ నారింజ కొనేస్తారు. రాలిన ఆకుల కింద నేలను ఎప్పుడైనా చూస్తే అందులో నారింజ తక్కువ. గోధుమ, ఎండు గడ్డి, బెరడు బూడిద, వెలిసిపోయిన ఆకుపచ్చ, మధ్యమధ్య ఒక మెరుపు. ఆకుల్లోని పసుపు కొత్తగా వచ్చేది కూడా కాదు. ఆ రంగునిచ్చే కెరొటినాయిడ్లు ముందు నుంచీ ఉంటాయి, పైనున్న పత్రహరితం విరిగిపోయాక బయటపడతాయి. మీ దగ్గర నారింజ ఇప్పటికే సరిపడా ఉంది. ఇంకేదైనా చేరిస్తే గోధుమ రంగులోనో, నలిగిన ఆకుపచ్చలోనో చేర్చండి.

ఇక సోఫా. కిటికీకి ఆనించి వేశానన్నారు. మీ హాల్లో లైటు తర్వాత నన్ను అంతగా ఇబ్బంది పెట్టింది అదే. రాత్రి లోపల లైటు, బయట చీకటి ఉన్నప్పుడు కిటికీ గాజు అద్దమైపోతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లకు తమ మొహాలే కనిపిస్తుంటాయి, సోఫాలో కూర్చున్నవాళ్లకు వీపు వెనక ఖాళీ. జే యాపిల్టన్ అనే బ్రిటిష్ భూగోళ శాస్త్రవేత్త 1975లో ఒక సిద్ధాంతం చెప్పాడు: ఎదుటిదంతా తనకు కనిపిస్తూ, తను ఎవరికీ దొరకని చోటు మనిషికి నచ్చుతుందని. సినిమాకెళ్తే వెనక వరసల మీద, హోటల్‌కెళ్తే మూల టేబుల్ మీద మనకున్న మోజు చూస్తే ఆయన మాట కొట్టిపారేయలేం. సోఫా వీపు గోడకు ఆనేలా తిప్పండి, గది గుమ్మం కూర్చున్నచోటి నుంచి కనిపించేలా. మామయ్యగారి కుర్చీని దానికి ఎదురుగా కాక, పక్కగా, ఎల్ ఆకారంలో వేయండి. మనుషుల మధ్య ఎనిమిది అడుగులు దాటితే గొంతు పెంచాలి, గొంతు పెంచాల్సి వస్తే మాటలు తగ్గిపోతాయి. ప్రతి సీటుకూ చేయి చాపితే అందే దూరంలో కప్పు పెట్టుకోవడానికి ఒక చోటు ఉండాలి. స్టూలైనా చాలు. కప్పు చేతిలో పట్టుకుని కూర్చున్న మనిషి అది ఖాళీ కాగానే లేస్తాడు, ఎక్కడైనా పెట్టగలిగితే ఇంకాసేపు ఉంటాడు.

సోఫా కదిలించడానికి ఇంకో కారణం చలి. గదిలో గాలి 21 డిగ్రీలున్నా, పక్కనున్న గాజు 10 డిగ్రీలుంటే మీ ఒంట్లోని వేడి ఆ గాజు వైపు పోతూనే ఉంటుంది. మనకు తెలిసే చలి గాలి ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న గోడలు, గాజుల ఉష్ణోగ్రతలతో కలిపి దాదాపు వాటి సగటు. గాజుకు తగిలి చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి జారి మెడ మీద, పాదాల మీద పడుతుంది. కిటికీ బిగించే ఉన్నా ఎక్కణ్ణుంచో గాలి వస్తోందని అనిపించేది ఇందుకే. దీనికి మందు లైనింగ్ ఉన్న మందపాటి కర్టెన్. రాడ్‌ను కిటికీ ఫ్రేమ్ కన్నా ఒక జానెడు పైన, రెండు పక్కలా ఒక జానెడు బయటికి బిగించి, గుడ్డ నేల తాకేదాకా దించండి. కిటికీ గట్టు దగ్గర ఆగిపోయే పొట్టి కర్టెన్ కింద నుంచి చల్లగాలి అలాగే వస్తుంది, చూడటానికి కూడా పొట్టి లాగు వేసినట్టుంటుంది. కిటికీ కింద హీటర్ రేడియేటర్ ఉంటే మాత్రం దాన్ని కప్పేయకండి. చీకటి పడగానే కర్టెన్ మూయడం, తెల్లారగానే పూర్తిగా తీయడం అలవాటు చేసుకోవాలి. ఈ కాలంలో సూర్యుడు కిందికి దిగుతాడు కాబట్టి ఎండ గదిలోకి లోతుగా వస్తుంది, దాన్ని వదులుకోకూడదు.

టైల్స్ నేలను ఓనరు మార్చనివ్వకపోయినా దాని మీద తివాచీ వేయనిస్తారుగా. చెక్క నేల, టైల్, తివాచీ మూడూ నిజానికి ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. టైల్ మాత్రం పాదం నుంచి వేడిని గబగబా లాగేసుకుంటుంది, అందుకే చల్లగా తగులుతుంది. తివాచీ కొనేటప్పుడు జనం చేసే తప్పు ఒకటే, చిన్నది కొనడం. టీపాయ్ కింద మాత్రమే పట్టేది కొంటే నడి గదిలో తెగిపోయిన ముక్కలా ఉంటుంది. కనీసం సోఫా, కుర్చీ ముందు కాళ్లు దాని మీదికి రావాలి. కింద జారకుండా రబ్బరు మెష్ తప్పనిసరి, అంచులు లేవకుండా టేపు కూడా. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది అలంకారం కన్నా ముఖ్యం. లాంపుల వైర్లను ఎప్పుడూ తివాచీ కిందనుంచి లాగొద్దు, తొక్కీ తొక్కీ నలిగిన వైరు వేడెక్కి నిప్పు అంటుకుంటుంది. గోడ వెంట క్లిప్పులతో తిప్పండి.

తివాచీ, కర్టెన్ వచ్చాక ఒక మార్పు మీరు అనుకోకుండానే తెలుస్తుంది. గదిలో మాట మోగడం ఆగిపోతుంది. టైల్స్, గాజు, ఉత్త గోడలు శబ్దాన్ని వెనక్కి కొడతాయి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన లెక్చర్ హాల్లో మాట ఐదు సెకన్లకు పైగా మోగుతూ ఎవరికీ పాఠం అర్థం కాకపోతే, వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడికి ఆ పని అప్పగించారు. ఆయన రాత్రిపూట దగ్గర్లోని థియేటర్ నుంచి సీట్ల కుషన్లు మోయించి తెచ్చి, కొన్ని కొన్ని చేరుస్తూ మోత ఎంత తగ్గిందో కొలిచి, తెల్లారేలోగా మళ్లీ అక్కడికి చేర్చేవాడు. గదుల ధ్వని శాస్త్రం పుట్టింది ఆ కుషన్ల మోతలోనే. మీ హాల్లో చప్పట్లు కొట్టి చూడండి. చివర్లో ‘ఝుం’ అని తోక వినిపిస్తే ఇంకా మెత్తటి సామాను కావాలన్నమాట. గుడ్డ సోఫా, పుస్తకాల అర, ఒళ్లో కప్పుకునే శాలువా, అన్నీ లెక్కలోకే వస్తాయి. శాలువా అంటే ఉన్నిదే తీసుకోండి. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకున్నా తడిగా తగలదు. సింథటిక్‌ది మొదటి రోజు మెత్తగా ఉంటుంది, తర్వాత చిటపటమని కరెంటు కొడుతుంది.

సువాసన కొవ్వొత్తుల దగ్గర నేను మొహమాటపడను. ఆయాసం ఉన్న మనిషి కూర్చునే గదిలో అవి వద్దు. సువాసన, పొగ రెండూ ఊపిరితిత్తులను రేపేవే. మంట కావాలనిపిస్తే వాసన లేనివి, ఆయన లేనప్పుడు వెలిగించుకోండి. ఒత్తిని ప్రతిసారీ ఆరు మిల్లీమీటర్లకు కత్తిరిస్తే మసి తగ్గుతుంది. కర్టెన్లకు కనీసం అడుగు దూరంలో పెట్టి, గదిలోంచి లేచేటప్పుడు ఆర్పేయండి. మసకగా వెలిగే ఆ మూల లాంపు ఉంటే కొవ్వొత్తి లోటు అంతగా తెలియదనుకోండి.

చలి మొదలైందని కిటికీలు మూసేస్తాం కాబట్టి లోపలి తేమ బయటికి పోదు. రోజుకు రెండుసార్లు ఐదు పది నిమిషాలు కిటికీలు బార్లా తెరవండి, గది గోడలు చల్లబడేలోపు మళ్లీ మూసేయొచ్చు. తేమ కొలిచే చిన్న మీటర్ ఒకటి తెచ్చి అర మీద పెట్టండి. 40, 60 శాతాల మధ్య ఉంటే మంచిది. ఎప్పుడు చూసినా 60 దాటి ఉంటే, పొద్దున్నే గాజు మీద నీళ్లు కారుతుంటే, హాల్లో తడి బట్టలు ఆరేయడం ముందు మానండి. అది తగ్గేదాకా తివాచీ కొనడం వాయిదా వేయండి. చెమ్మలో తివాచీకి బూజు, పురుగు పట్టి మామయ్యగారి ఆయాసం ఎక్కువవుతుంది.